పూత మీద కొట్టిన మందు

మా గురజాలలో నన్ను డాక్టరనే పిలుస్తారు. చదివింది ఇంటరే. బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. రైతు పొద్దున్నే తెగులు పట్టిన కొమ్మ విరిచి, తువ్వాల్లో చుట్టుకొచ్చి నా బల్ల మీద పెడతాడు. "ఏందో చూడు డాక్టరూ" అంటాడు. నేను ఆకు తిరగేసి చూసి, అర నిమిషంలో జబ్బు పేరు చెప్పి, అలమరలోంచి మందు తీసిస్తాను. తప్పు చెప్పినా తడుముకోకుండా చెప్పాలి. మా వ్యాపారం గుట్టు అంతే.

మా అమ్మాయి లిఖిత హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. మొన్న జనవరిలో సెలవు పెట్టి, "నాన్నా, నువ్వు జన్మలో మిరప చెట్టూ పత్తి చెట్టూ తప్ప ఇంకో చెట్టు చూడలేదు, పద" అని నన్ను అండమాన్ తీసుకుపోయింది. వాళ్ళమ్మ ఓడెక్కనని ఇంట్లోనే ఉండిపోయింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక పూటంతా ఓడలో పోయి ఓ చిన్న దీవిలో దిగాం. సరైన రోడ్డు లేదు, ఫోను పలకదు, కరెంటు సాయంత్రం పూట నాలుగు గంటల సేపే. ఎటు చూసినా అడవి. మా పల్నాటి ఎండకి అలవాటు పడ్డ కళ్ళలో అంత పచ్చదనం ఒక పట్టాన ఇమడలేదు.

మేం దిగింది జీవరత్నం ఇంట్లో. ఆమెకి యాభై దాటి ఉంటాయి. తాతలు శ్రీకాకుళం నుంచి వలస వచ్చారట. రెండు గదులు మాలాంటి వాళ్ళకి ఇచ్చి, వండిపెట్టి బతుకుతుంది. పెరట్లో కూరపాదులు, పది మిరప మొక్కలు. చూరు కింద మూడు బోలు దుంగలు తాళ్ళతో వేలాడుతున్నాయి. వాటి నిండా తేనెటీగలు, చీమంతవి, కుట్టవు. వాటిని చూడ్డానికే జనం వెతుక్కుంటూ ఆమె ఇంటికి వస్తారు. లేకపోతే ఒడ్డునున్న కాటేజీలు వదిలి అంత లోపలికి ఎవరొస్తారు?

"ఇయ్యి మా చుట్టాలు బావూ. ఇయ్యే నాకు కూడెడతన్నాయి" అంది జీవరత్నం.

"మా నాన్న కూడా మొక్కల డాక్టరేనండీ" అంది లిఖిత గొప్పగా. ఆ మాటతో నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నా కన్ను మాత్రం మిరప మొక్కల మీదే ఉంది. ఆకులు పడవల్లా పైకి ముడుచుకున్నాయి. పై ముడత. మా ఊళ్ళో అయితే ఆ చేను చూసి రైతు రెండు పూటలు అన్నం మానేస్తాడు. చెబితే జీవరత్నం నవ్వింది. "పోనీండి. మాకు సరిపడా కాయలు కాత్తన్నాయి కదా" అంది. నాకు ఒళ్ళు మండింది. జబ్బు కళ్ళ ముందు పెట్టుకుని నవ్వే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు. నేను ఊరుకోలేదు. పొలాలకి పట్టుకెళ్ళే సంచే ఈ ప్రయాణానికీ తెచ్చాను. దాని జేబులో పది గ్రాముల శాంపిల్ పొడి పొట్లం ఒకటి ఎప్పుడో పెట్టింది ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న లిఖితా జీవరత్నమూ అడవి చూడ్డానికి పోగానే, బకెట్టు నీళ్ళలో ఆ పొడి కలిపి, ఆకుల మండతో పది మొక్కలూ తడిసేదాకా చల్లాను. మొక్కలు తెల్లటి పూత మీద ఉన్నాయి. పూల మీద ఆ దుంగల్లోని ఈగలు ఉన్నాయి. చూశాను. చూసి కూడా చల్లాను.

సాయంత్రానికే పెరట్లో నేలంతా నల్లటి నూక పోసినట్టయింది. మొక్కల పక్కనున్న దుంగలో చప్పుడు లేదు.

తెల్లారి జీవరత్నం నా ముందుకొచ్చి నిలబడింది. ముఖం పీక్కుపోయింది. చేతిలో ఆకు పొట్లం. విప్పి నా ముందు బల్ల మీద పెట్టింది. పిడికెడు చచ్చిన ఈగలు.

"ఏటయ్యిందో సూడండి డాక్టరు బావూ" అంది.

అచ్చం మా రైతుల్లాగే పెట్టింది, అచ్చం అలాగే అడిగింది. తేలు కుట్టిన దొంగలా కూచున్నాను. లిఖిత నా వైపే చూస్తోంది. నోరు మాత్రం దాని అలవాటు అది మానలేదు. "ఏదో తెగులమ్మా. గాలికొచ్చి ఉంటది" అనేశాను, తడుముకోకుండా.

జీవరత్నం లోపలికి పోయి కిరసనాయిలు డబ్బా తెచ్చింది. "అయితే ఆ రెండు దుంగలూ కాల్చేత్తాను. తెగులు అంటుకుంటే దీవిలో ఉన్నవన్నీ పోతాయి" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రెండో దుంగ తాడు విప్పుతుంటే లోపల ఈగల రొద నాకు వినబడింది.

"ఆగమ్మా" అన్నాను. ఆమె తాడు విప్పుతూనే ఉంది. మళ్ళీ అరిచాను. "ఆగమ్మా! తెగులు కాదు, పాడూ కాదు. నేనే. నీ మిరప మొక్కలకి మందు కొట్టాను."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. డబ్బా కింద పెట్టి, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"పూత మీదున్న మొక్కకి కొట్టకూడదని మీకు తెల్దా బావూ?"

తెలుసు. ప్రతి పొట్లం మీదా రాసే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ముక్క ఒక్క రైతుకీ చదివి వినిపించలేదు. కూతురు పక్కనే ఉండగా, "తెలుసమ్మా" అన్నాను. అంత సిగ్గు నా బతుకులో ఎరగను. లిఖిత అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయింది.

మిగిలిన ఈగలు వాలకుండా ఆ పది మొక్కలూ నేనే పీకి, దూరంగా గొయ్యి తీసి పూడ్చాను. నష్టానికి ఏమన్నా ఇస్తానంటే జీవరత్నం వద్దంది. ఆకు పొట్లం మళ్ళీ కట్టి నా చేతిలో పెట్టింది. "మీ కాడే ఉండనీండి" అంది. ఓడలో లిఖిత పక్కనే కూచుంది. డాక్టరన్న మాట దాని నోట మళ్ళీ రాలేదు.

కొట్టు తెరిచిన మూడో రోజు మస్తాన్‌రావు వచ్చి తువ్వాలు విప్పి బల్ల మీద మిరప కొమ్మ పెట్టాడు. పై ముడత. కొమ్మ నిండా తెల్లటి పూత.

"పూత మీదుంది గదరా. పది రోజులాగి కొట్టు" అన్నాను.

వాడు నా ముఖంలోకి చూసి నవ్వాడు. "ఏంది డాక్టరూ, కొత్తగా చెప్తన్నావు? ఇన్నేళ్ళల్లో ఎప్పుడన్నా ఆగమన్నావా? నువ్వియ్యకపోతే పక్క కొట్లో తెచ్చుకుంటాలే" అని కొమ్మ చుట్టుకుని లేచాడు.

సొరుగు సగం తెరిచి ఉంది. అందులో ఆకు పొట్లం ఎండి, అంచులు విరిగి ఉంది. నేను దాని వైపు చూశాను, మెట్లు దిగుతున్న మస్తాన్‌రావు వైపు చూశాను.

"ఒరేయ్, ఆగు" అని పిలిచి, సొరుగు మూసి, అలమరలోంచి మందు తీసిచ్చాను.