అంచు అరిగిన రూపాయి

బస్సు గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ నేను ఒళ్ళోని సంచీని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను. అందులో ఉన్నది ఒక్క వెండి రూపాయి. మా అమ్మది. తమ్ముడు చంద్రరావు పోయాక, "ఇది ఆడపడుచులకే చెందాలి వదినా" అని మరదలు నా చేతిలో పెట్టింది. ఆడపడుచులలో ఇప్పుడు మిగిలింది నేనూ, ఆఖరి చెల్లెలు సూర్యకళా. మధ్యలో పుట్టిన అచ్చాయమ్మ ఎప్పుడో చనిపోయింది.

సూర్యకళ మా ఇంట్లో పెరగలేదు. మండపేటలో ఉండే మా పెద్దమ్మకు పిల్లలు లేరని అమ్మ దాన్ని పెంపకానికి ఇచ్చింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు, దానికి ఐదు నెలలు. ఐదు నెలలని నేనంటాను. అది ఒప్పుకోదు.

"బొడ్డూడగానే తెచ్చుకున్నానని మా అమ్మ చెప్పింది. మా అమ్మ అబద్ధం ఆడదు" అంటుంది.

ఆ మాటే నిజమైతే కన్నతల్లి దాని మొహమైనా సరిగా చూడకుండా ఇచ్చేసినట్టు. నా మాట నిజమైతే పెంచిన తల్లి అబద్ధమాడినట్టు. పెంచిన తల్లి నొచ్చుకుంటుందని, అమ్మ బతికుండగా అది ఏనాడూ అడగలేదు. ఇప్పుడు చెప్పడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. నేను చెబితే ఓదార్పు అనుకుంటుంది. రూపాయి ఇస్తానంటే, "నాకూ దానికీ ఏంటి సంబంధం? అమ్మేసి చెరి సగం తీసుకుందాం" అంది. పాత నాణేలు సేకరించే పల్లంరాజు గారి అడ్రసు కూడా అదే కనుక్కుంది.

రాజమండ్రి బస్సుల కాంప్లెక్సులో కలుసుకుని ఆయనింటికి వెళ్ళాం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, భూతద్దం తీసుకున్నారు.

"తోమారా అండీ?" అన్నది ఆయన మొదటి మాట.

"లేదండి. నల్లగా ఉందని సిగ్గుపడుతూనే తెచ్చాను."

"బతికించారు. చింతపండు పెట్టి తళతళలాడించి తెస్తారండీ జనం. ఈ నలుపు ఏళ్ళ తరబడి పట్టింది. తోమితే పోద్ది, మళ్ళీ రాదు."

సూర్యకళ నా చెవి దగ్గర చేరింది. "విన్నావా, నల్లగా ఉంటేనే గిరాకీ అంట. మన పెళ్ళిచూపులప్పుడు ఈయన దొరికుంటే బాగుండేది."

నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పల్లంరాజు గారు రూపాయిని తిప్పి, సంవత్సరం దగ్గర ఆగిపోయారు.

"ముప్పై తొమ్మిది" అన్నారు మెల్లగా. "ముందేడాదివి కావలసినన్ని దొరుకుతాయమ్మా. అదే రాజు బొమ్మ, అదే వెండి. ఇది మాత్రం దొరకదు. వెండి ఎంతుందని కాదండి మేం చూసేది. ఎన్ని మిగిలాయి, ఎలా మిగిలాయి, అదీ లెక్క."

సూర్యకళ నిటారుగా కూర్చుంది. పెద్ద మొత్తం వస్తే చెరి సగం పంచుకుంటాం. ఆ తర్వాత అది మా గుమ్మం తొక్కడానికి కారణమేదీ ఉండదు.

ఆయన రూపాయిని వేళ్ళ మధ్య నిలబెట్టి, అంచు చూశారు. మొహం వాడిపోయింది.

"అయ్యో! అంచు పోయిందమ్మా. చుట్టూ సన్నటి గీతలుండాలి. అక్కడక్కడ చదునుగా అరగదీసేశారు. ఎవరండీ ఈ పని చేసింది?"

"మా అమ్మండి" అన్నాను.

పిల్లలకు బంగారం అరగదీసి నాకిద్దామంటే మా ఇంట్లో బంగారం లేదు. పసిబిడ్డకు ఏడాది నిండేదాకా, పొద్దున్నే సానరాయి మీద చనుబాలు పిండి, వసకొమ్ముతో పాటు ఈ రూపాయిని నిలబెట్టి నాలుగు రుద్దులు రుద్ది, ఆ గంధం నాలిక మీద రాసేది అమ్మ. ఆయనకు అదే చెప్పాను.

"పిల్లలు తినేశారన్నమాట లక్షల సరుకు" అని ఆయన నిట్టూర్చారు.

"ఎన్ని చోట్ల అరిగిందండీ?" అని సూర్యకళ అడిగింది.

"నాలుగు. మూడు ఒకే మాదిరి ఉన్నాయి. ఒకటి చిన్నది, వాటిలో సగం కూడా లేదు."

రుద్దబోయే ముందు అమ్మ బొటనవేలితో అంచంతా తడిమి చూసుకోవడం నాకప్పుడు గుర్తొచ్చింది. ఒకరి వాటా ఇంకొకరికి పోకూడదనేది. పాల సంగతేమో అనుకునేదాన్ని. అంచు మీద బిడ్డకో చోటన్నమాట. ఆమె కన్నది నలుగురినే.

పల్లంరాజు గారు ఇంకా చెబుతున్నారు. సేకరించేవాళ్ళు దీన్ని ముట్టుకోరట, వెండి ధరే వస్తుందట. సూర్యకళ రూపాయి తీసుకుని, ఆ చిన్న చదును మీద గోరు ఆనించింది.

"అచ్చాయమ్మది అయ్యుండొచ్చు. జబ్బు చేసి మధ్యలో ఆపేసిందేమో."

"అచ్చాయమ్మకు ఏడాదీ పెట్టింది."

"నీకెలా గుర్తుంటుందే?"

"సాన కడగడం నా పని, సూర్యా. నీదీ నేనే కడిగాను. ఒక పొద్దున్న కడుగుదామని తీస్తే పొడిగా ఉంది."

అది ఆయనకు దణ్ణం పెట్టి లేచింది. రూపాయి దాని గుప్పిట్లోనే ఉండిపోయింది.

తిరిగి కాంప్లెక్సుకి వచ్చి, మండపేట బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం.

"చూడకుండా ఇచ్చేసిందనుకుంటేనే నయంగా ఉండేది" అంది సూర్యకళ. "అన్నాళ్ళు నాలిక మీద రాసి, ఎలా ఇవ్వబుద్ధేసిందే అక్కా?"

ఈ వయసులోనూ నాకది తెలియదు. తెలియదనే చెప్పాను.

"మరి మా అమ్మ నాకెందుకలా చెప్పింది?"

"నిన్ను ఎవరితోనూ పంచుకోలేక."

మండపేట బస్సు వచ్చింది. "వెళ్ళిపోద్దే, ఎక్కు" అన్నాను, అలవాటైన భయంతో. అది లేవలేదు.

"నన్నిచ్చిన రోజు సంగతి చెప్పు. ఏదీ తగ్గించకు."

ఇన్నేళ్ళలో అది ఆ మాట అడగడం అదే మొదలు. కొవ్వూరు రేవు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పెద్దమ్మ దాన్నెత్తుకుని పడవెక్కింది. అమ్మ నీళ్ళలోకి దిగి, చీర తడుస్తున్నా చూసుకోకుండా నిలబడింది.

"ఏడ్చిందా?"

"ఏడవలేదు. పడవ కదిలాక, 'అక్కా, పిల్లకి ఎండ తగులుతోంది, మొహం మీద కొంగు కప్పు' అని అరిచింది."

బస్సు బయల్దేరిపోయింది. సూర్యకళ అటు చూడనైనా చూడలేదు.

"కప్పిందా మా అమ్మ?"

"వెంటనే కప్పింది."