కారు కింద నీడ

“పొద్దున్న నాకన్న ముందే నడిచేవు,
మిట్టమధ్యాహ్నం నా మడమల్లో దాగేవు...”

ఆ తర్వాత సాయంత్రం గురించి ఇంకో రెండు ముక్కలుండాలి. చిన్నప్పుడు ఆడపిల్లలంతా ఎండలో గుండ్రంగా నిలబడి, ఒకరి నీడ ఒకరు తొక్కుకుంటూ పాడుకున్న పాట అది. అత్తగారికి అక్కడిదాకానే గుర్తుంది. బీన్సు తుంచేటప్పుడు అక్కడిదాకా పాడుతుంది, ఆగుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంట్లో వాళ్ళకి ఏమైనా, వీధిలో అందరికీ ఆవిడ అత్తగారే. డ్రైవింగు మాస్టారి అత్తగారు.

“సాయంత్రానికి ఏమవుతుందో మనకి ఈ జన్మకి తెలియదన్నమాట” అన్నాడు అల్లుడు, కారు పక్కన కుర్చీలో పేపరు తిరగేస్తూ.

“తెలిస్తే నీకు చెప్పకుండా దాచుకుంటానా బాబూ.”

పన్నెండు కావస్తోంది. ఆ వేళకి అల్లుడు కారు షెడ్డులోనే ఉండాలి. మూడేళ్ళుగా అంతే. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, జాకీ పెట్టి, కారు కిందికి దూరి సైలెన్సరు బిగిస్తుంటే జాకీ జారింది. అత్తగారు రెండు కాళ్ళూ పట్టుకుని లాగేస్తే మనిషి బయటపడ్డాడు. గోరు కూడా చిట్లలేదు. నీడ మాత్రం కింద ఉండిపోయింది.

అప్పటి నుంచీ నీడ ఎంత సాగితే అతను అంత దూరం. పొద్దున్నే అది పొడుగ్గా ఉంటుంది కాబట్టి వీధి చివర బేకరీ దాకా వెళ్ళి బ్రెడ్డు తెచ్చేవాడు. పదింటికి గేటు దాకా. పన్నెండింటికి కారు పక్కన కుర్చీ. పొద్దు వాలేకొద్దీ మళ్ళీ గేటు, బేకరీ, అది దాటి బస్‌స్టాపు. పెళ్ళాం పని నుంచి వచ్చే బస్సు సరిగ్గా ఆ వేళకే ఆగేది. ఇద్దరూ కలిసి నడిచొచ్చేవాళ్ళు, పొద్దు గుంకేలోపు ఇల్లు చేరాలి కాబట్టి కొంచెం గబగబా. మబ్బు పట్టిన రోజున పొద్దంతా కుర్చీలోనే. పడక షెడ్డు గోడకి ఇవతలి గదిలో.

వీధిలో దీన్ని ఎవరూ పెద్ద వింతగా చెప్పుకోలేదు. ఎనిమిది దాటితే బేకరీ అతను “మాస్టారూ, మీకు టైమైపోతోంది” అని వరసలో వాళ్ళని ఆపి ముందు ఈయనకి బ్రెడ్డు కట్టిచ్చేవాడు. డ్రైవింగు నేర్చుకునేవాళ్ళూ రావడం మానలేదు. ఆగి ఉన్న కారులోనే కూర్చోబెట్టి క్లచ్చు, గేరు, బ్రేకు, అద్దంలో వెనక చూడటం, అన్నీ నేర్పేవాడు. కదలని కారులో నేర్చుకుని పదకొండు మంది పరీక్ష పాసయ్యారు. మిగతావాళ్ళ కంటే వాళ్ళకి రోడ్డు మీద ఓపిక ఎక్కువని పేరు.

కారుని తీయాలని చూడక కాదు. ముందుకి తోస్తే చక్రం నీడ పక్కటెముకల మీద ఎక్కేది, ఇక్కడ ఇతను గుండె పట్టుకుని కూలబడేవాడు. జాకీతో ఒక మూల లేపితే మిగతా మూలల బరువు దానిమీద పడి ఊపిరాడేది కాదు. క్రేను ఆ సందులోకి రాదు. నాలుగు చక్రాలూ ఒక్కసారే లేవాలి. దానికి దారి కనపడక ఊరుకున్నారు.

ఊరుకోడానికి వీల్లేని ఉత్తరం ఒకటి అత్తగారి కూతురికి వచ్చింది. ఆమె తాగునీళ్ళు పరీక్షచేసే లాబులో పనిచేస్తుంది. ఆరు గంటల ప్రయాణం దూరంలో, రిజర్వాయరు పక్కన కొత్త లాబు కట్టారు. దానికి ఈమెనే పైఅధికారిగా వెయ్యాలని వాళ్ళ ఉద్దేశం. రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ ఇంట్లో వీలుకాదని రాసింది. ఇది మూడోసారి. ఇంక పదిహేను రోజులుంది, వచ్చే నెల మొదటి సోమవారం చేరకపోతే ఇంకొకరిని వేస్తామని, మళ్ళీ పిలిచేది లేదని ఖరాకండిగా రాశారు.

“వెళ్ళు” అన్నాడు అల్లుడు. “నెలకోసారి వస్తావుగా.”

“వస్తాను. మొదటి నెల వస్తాను, రెండో నెల వస్తాను. మూడో నెల పనుందంటాను.” ఆమె ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది. “మీరు రాకపోతే ఈసారి కూడా వద్దనే రాస్తాను. నాకు రాయడం అలవాటే.”

ఆ మాటలో కోపం లేదు.

మర్నాడు తల్లీ కూతుళ్ళిద్దరూ బండి సామాన్లమ్మే దుకాణానికి వెళ్ళారు. దుకాణం అతను గోడకి ఆనించి ఉన్న రెండు ఇనప ఫ్రేములు చూపించాడు.

“ఇది పోర్టబుల్ లిఫ్టండి. నేలకి బోల్టులు కొట్టక్కర్లేదు. రెండు ఫ్రేములు, గొట్టాలు, ఒక మోటారు. చెరో పక్క కారు కిందికి తోసి మీట నొక్కితే నాలుగు చక్రాలూ కలిసి లేస్తాయి. పనైపోయాక ఇలా గోడకి నిలబెట్టేసుకోవచ్చు.”

“కారు కింద మనిషి నీడ ఉంది. ఫరవాలేదా?” అంది కూతురు.

“ఎన్నాళ్ళ నుంచండీ?”

“మూడేళ్ళు.”

అతను చెవి మీది పెన్సిలు తీసి కాయితం ముందుకి లాక్కున్నాడు. “నీడ బరువు లెక్కలోకి రాదండి. కారు బరువు చెప్పండి చాలు. నేల మట్టంగా ఉండాలి. ఆయిల్ మీరే పోసుకోవాలి. గొట్టాల్లో గాలి తీయకుండా మాత్రం కారు ఎత్తకండి, ఒక పక్క ముందు లేస్తుంది.”

అత్తగారు ఫ్రేముని తట్టి చూసింది. మడతమంచంలా ఉంది. “ఇంత సన్నటిది కారుని మోస్తుందా బాబూ?”

“ఏనుగునైనా మోస్తుందండి పెద్దమ్మగారూ. ఏనుగు కదలనంటే.”

పై వారం బుధవారం మూడు పెట్టెలు వచ్చాయి. పక్కింటి వెల్డరు ఒక చెయ్యి వేస్తే షెడ్డులోకి చేరాయి. వెల్డరుకి నోరు కాస్త పెద్దది, మనసు కూడా. అల్లుడు పెట్టెలో వచ్చిన పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

గురువారం నేల సంగతి. వెల్డరు రసమట్టం తెచ్చి నేల మీద పెట్టాడు. గాజులో బుడగ గీతకి కొంచెం అటు నిలబడింది.

“వాలుంది” అన్నాడు అల్లుడు.

“వెంట్రుకవాసి. ఆ మాటకొస్తే మీ ఇల్లే మా ఇంటివైపు వాలింది మాస్టారూ. మీరేమైనా దొర్లుకుంటూ మా పెరట్లోకి వచ్చారా?”

అల్లుడు ఆ పూటంతా బుడగ చూస్తూ కూర్చున్నాడు. శుక్రవారం పైకప్పు సంగతి. టేపు పెట్టి కొలిచి, కారు లేస్తే ట్యూబులైటు తగులుతుందన్నాడు. వెల్డరు స్టూలెక్కి ట్యూబులైటు పీకి గోడకి బిగించాడు. తర్వాత మోటారులో ఆయిల్ పోశారు, గొట్టాల మూతులు టిక్కుమనేదాకా నొక్కి తగిలించారు. అల్లుడు వాటిని మూడుసార్లు ఊడదీసి మూడుసార్లు తగిలించాడు. శనివారం గాలి తీయడం. కారు లేకుండా ఉత్త ఫ్రేములని పైకి లేపాలి, దించాలి. లేపుతుంటే ఫ్రేములు రెండూ ఒళ్ళు విరుచుకుంటున్నట్టు కిర్రుమంటూ లేచేవి. అల్లుడు పద్నాలుగుసార్లు లేపి దించాడు.

“ఇంకా కొంచెం గాలి ఉన్నట్టుంది అత్తయ్యా.”

“ఎక్కడ బాబూ?”

“వినిపిస్తోంది.”

అత్తగారికి ఏమీ వినిపించలేదు. లోపల కూతురు బట్టలు సర్దుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మూడు సంచులు సర్దింది, తనది, మొగుడిది, తల్లిది. ఆ సాయంత్రం ఇంకో కాయితం కూడా రాసి, అంటించకుండా, బల్ల మీద నీళ్ళ సీసా కింద పెట్టింది. అత్తగారు కూడబలుక్కుని చదివింది. ఇంట్లో వీలుకాదని రాసుంది.

ఆదివారం రెండు గంటలకి బస్సు. పదకొండున్నరకి వెల్డరూ అల్లుడూ చెరో ఫ్రేమూ ఎత్తి కారు పక్కన పెట్టారు. అల్లుడు నిలబడే ఫ్రేము వెడల్పు చూసి ఆగిపోయాడు.

“చూశారా. ఫ్రేము నా నీడ మీదే పడుతుంది. చక్రాలు వదిలినా ఫ్రేము పట్టుకుంటుంది. నేను ముందే అనుకున్నాను.” అతని గొంతులో బెంగ కంటే నెమ్మది ఎక్కువుంది.

వెల్డరు తల గోక్కున్నాడు. దుకాణం అతను ఈ సంగతి చెప్పలేదు, ఇంత పుస్తకంలోనూ ఎక్కడా లేదు. అత్తగారు లోపలికెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చింది.

“నేలకి అంటుకున్న కాయితాన్ని పొడిగా లాగితే చిరుగుతుంది. తడిపితే తనే వస్తుంది” అని కారు అంచున నీళ్ళు చిలకరించి, నేల మీద పక్కకి వాలి, మోచెయ్యి దాకా కిందికి పోనిచ్చింది. నీడ చల్లగా, నానిన గుడ్డలా తగిలింది. అంచు పట్టుకుని నెమ్మదిగా ఎత్తింది. ఆ సందులోంచి వెల్డరు ఫ్రేముని నీడ కిందికి జరిపాడు. అటువైపు కూడా అలాగే చేశారు.

“నీకేమైనా తెలుస్తోందా బాబూ?”

“ఏమీ తెలియడం లేదు.”

రబ్బరు దిమ్మలు సర్ది, మీట ఉన్న తీగ అల్లుడి చేతికిచ్చారు. పన్నెండు దాటింది. కూతురు మెట్టు మీద కూర్చుని ఒక్కసారి గడియారం చూసుకుంది, మళ్ళీ చూడలేదు.

“ఇంకొక్కసారి గాలి తీద్దాం” అన్నాడు అల్లుడు.

“ఇప్పుడు ఫ్రేములు మళ్ళీ బయటికి లాగాలా?” అన్నాడు వెల్డరు. “నాకు నడుమొకటే ఉంది మాస్టారూ.”

అత్తగారు పుస్తకం తీసి వేలు పెట్టి చదివింది. “మూ-డు సార్లు అని ఉంది. పద్నాలుగని ఎక్కడా లేదు.”

“జాకీకి కూడా పుస్తకముంది అత్తయ్యా. అది కూడా చదివే పెట్టాను.”

కూతురు లేచి వచ్చి అతని పక్కన నిలబడింది, చెయ్యి మాత్రం వెయ్యలేదు.

“ఆ రోజు నీ కాళ్ళు పట్టుకుని లాగింది నేనే” అంది అత్తగారు. “ఈసారి కింద నువ్వు లేవు. నీ కాళ్ళు ఇక్కడే ఉన్నాయి, నాకు కనిపిస్తున్నాయి. అది ఇలా తే.”

అతను ఇచ్చాడు. ఆవిడ పై బాణం నొక్కింది. మోటారు గురగురలాడింది. కారు ముందు ఒళ్ళు తేలిక చేసుకుంది, తర్వాత చక్రాలు కిందికి వేలాడాయి, తర్వాత నేలకీ వాటికీ మధ్య వెలుతురు కనిపించింది. రెండు పక్కలా ఒకే ఎత్తు. ఫ్రేము కిందికి జారకుండా పట్టే మొదటి లాకు టక్కుమంది. ఆవిడ వేలు తియ్యలేదు. రెండో లాకు టక్కుమన్నాక తీసింది.

నలుగురూ వంగి చూశారు. నలిగి, టైరు అచ్చులు పడి, చిరుగులు పట్టి ఉంటుందనుకున్నారు. అలాంటిదేమీ లేదు. నీడ ఒక పక్కకి తిరిగి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, తల కింద చెయ్యి పెట్టుకుని ఉంది. దాని పక్క మెల్లగా లేస్తోంది, దిగుతోంది.

“నిద్రపోతోంది” అన్నాడు వెల్డరు. గొంతు తగ్గించి మాట్లాడటం అతనికీ వచ్చని అప్పుడే తెలిసింది.

అల్లుడు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. జాకీ జారినప్పటి నుంచీ అతను కారు కిందికి తొంగి చూడలేదు. “నలిగిపోతోందనుకున్నాను” అన్నాడు.

“లేపండి. ఒంటిగంట కావస్తోంది” అంది పెళ్ళాం.

అతను చెయ్యి చాచాడు. భుజానికి జానెడు దూరంలో ఆపి, వెనక్కి తీసుకున్నాడు. లేచి నిలబడి, షెడ్డు గడప దాకా వచ్చాడు. రోజూ ఆ వేళకి అక్కడ అడుగేస్తే ఛాతీలో తాడు బిగిసినట్టయ్యేది. ఆగి, ఒక అడుగు ఎండలో పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. గేటు తీశాడు.

“మాస్టారూ, గేటు దాటారు” అన్నాడు వెల్డరు.

“అవును.”

“ఒంటిగంటకి పావు తక్కువ.”

“అవునవును.”

అతని కాళ్ళ దగ్గర నేల ఉత్తగా ఉంది. పెళ్ళాం వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరి ముందూ ఒకటే నీడ పడింది, ఆమెది. ఆమె దాన్ని చూసింది, అతన్ని చూసింది. తర్వాత లోపలికొచ్చి, నీళ్ళ సీసా కింది కాయితం తీసి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. సంచులు రెండే పట్టుకుంది.

“అమ్మా, నీ సంచో?”

“దాన్ని అలా పడుకోబెట్టి ఎలా రాను? దానిమీద కారు దించనా? మీరు వెళ్ళండి. అది లేచాక కారు దించి, తాళం వేసుకుని వస్తాను.”

“ఎన్నాళ్ళు పడుకుంటుందో.”

“ఎన్నాళ్ళైనా పడుకుంటుందిలే. నాకేమైనా ఆఫీసుందా.”

వాళ్ళిద్దరూ వీధి చివరికి నడిచారు. ఆ వేళప్పుడు మాస్టారు ఎదురైతే బేకరీ అతను బ్రెడ్డు కోస్తున్న కత్తి ఆపి, మళ్ళీ కోసుకున్నాడు. అత్తగారు ఎండ పడకుండా షెడ్డు షట్టరు సగం దించి, కుర్చీ జరుపుకుని కూర్చుంది.

ఇంతలో ఎవరో పరిగెత్తుకొచ్చిన చప్పుడైంది. అల్లుడే. మిట్టమధ్యాహ్నం, బేకరీ అవతల నుంచి, రొప్పుతూ. షట్టరు కింద నుంచి తల దూర్చి, కారు వైపు ఒకసారి చూసి, అది వినకుండా గుసగుసగా అన్నాడు:

“లేచాక అడగండి అత్తయ్యా. వస్తానంటే ఆ రోజు రెండు గంటల బస్సు ఎక్కించండి. రానంటే బలవంతం చెయ్యకండి.”