కినాయ్ ఇచ్చిన నిద్ర

తెల్లారగానే రొవీనా బడి ముందు ఇసుక ఊడ్చి, రాలిన ఆకులు ఏరి, కొబ్బరి చిప్పల్లో నీరా పోసి వరసగా పెడుతుంది. ఆ బడికొచ్చే పిల్లలకు ఇళ్ళల్లో పొద్దుటి తిండి ఉండదు. అందుకని ముందు నీరా, తర్వాతే పాఠం. ఆస్ట్రేలియా నుంచి జీతం లేకుండా పాఠాలు చెప్పడానికొచ్చిన ఈ పిల్ల మహా మొండిది. బడి కప్పు కారితే తనే ఎక్కి కొబ్బరాకులు కప్పబోయి కింద పడింది, నడుం పట్టుకుని మళ్ళీ ఎక్కింది.

మా దీవిలో ఎవరైనా ఏదైనా అడిగితే కాదనకూడదు. చెప్పులడిగినా, వల అడిగినా ఇచ్చెయ్యాల్సిందే. చేతికి దొరకనివి అడిగినా అంతే. రొవీనాకు ముందు వచ్చినాయన ఈల బ్రహ్మాండంగా వేసేవాడు. ఓ జాలరి ఆ ఈల అడిగి తీసుకున్నాడు. పాపం, ఆయన విమానం ఎక్కేదాకా మూతి సున్నాలా చుట్టి ఊదుతూనే ఉన్నాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. రొవీనా నిద్ర కూడా అలాగే పోయింది. కవలలతో వేగలేక ఒకావిడ అడిగింది, ఈమె ఇచ్చేసింది. ఆవిడిప్పుడు గుర్రుపెట్టి పడుకుంటోంది. రొవీనా కళ్ళు గుంటలు పడ్డాయి.

అయితే అడగడానికీ అర్హత ఉండాలి. ఎవరైనా తమను అడిగితే ఇచ్చినవాళ్ళే, మళ్ళీ ఇంకొకరిని అడగగలరు. అందుకే ఊళ్ళో ప్రతి బిడ్డనీ చిన్నప్పుడే ఏ అవ్వో ఏ తాతో ఓ ముద్దు అడిగి తీసుకుంటారు. ఆ రోజు నుంచి ఆ బిడ్డ మనుషుల్లో లెక్క.

కినాయ్‌ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. తల్లీ తండ్రీ లేని పిల్ల, దూరపు పిన్ని బొతికా ఇంట్లో పెరుగుతోంది. నీళ్ళు తే, కట్టెలు తే అని పురమాయించేవాళ్ళే అందరూ. పైగా ఆ పిల్లకు నిద్ర మరీ ఎక్కువ. పొయ్యి ముందు కూర్చుంటే కునుకు, బడిలో కునుకు. ఓ రోజు అన్నం మాడ్చింది. బొతికాకు ఒళ్ళు మండిపోయింది.

"గురువారం పడవకి తరావా పట్నం పంపేస్తున్నా. అక్కడెవరింట్లోనో అంట్లు తోముకుంటుంది" అని తేల్చి చెప్పింది.

అక్షరాలు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న పిల్ల. రొవీనా వెళ్ళి బియ్యం బస్తా ఇచ్చింది. బొతికా బస్తా పుచ్చుకుంది, మాట మార్చుకోలేదు.

"పిల్లని ఉంచుకోమని నేనే అడుగుతాను. కాదనలేదుగా!" అంది రొవీనా, బడి కనిపెట్టుకుని ఉండే తెబెయో అవ్వతో.

"కాదనదు. నువ్వున్నన్నాళ్ళు ఉంచుకుంటుంది. నువ్వెళ్ళిపోయాక? ఆ ఇంట్లో చోటేదో ఆ పిల్లే అడగాలి. అడగాలంటే ముందు దాన్నెవరైనా అడగాలి."

"అయితే నువ్వడుగు అవ్వా."

"ఉత్తుత్తినే అడిగితే చెల్లదమ్మాయ్. నిజంగా కావాలి. దాని దగ్గర నాక్కావలసింది ఏముంది? నీకుంది."

రొవీనాకు అర్థమై మొహం ఎర్రబడింది. "లేనిపిల్ల దగ్గర తీసుకోవడానికా నేనింత దూరం వచ్చింది?"

"అదే నీ జబ్బు!" అవ్వ కోపంగా చీపురు విసిరికొట్టింది. "వచ్చిన దగ్గర్నుంచీ ఇవ్వడమే. ఒక్కర్ని ఒక్కటి అడిగావా? మేమేం ముష్టివాళ్ళమా?"

రొవీనా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుంది.

గురువారం ఊరంతా మనేబాలో, అంటే ఊరుమ్మడి సావిట్లో, పడవ కోసం కూర్చుని ఉంది. అక్కడ ఏ ఇంటివాళ్ళ చాప వాళ్ళది; చాప మీద చోటున్నవాళ్ళే ఆ ఇంటి మనుషులు. కినాయ్ ఏ చాపా లేకుండా, మూట ఒళ్ళో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని నిద్రపోతోంది. రొవీనా వెళ్ళి దాన్ని లేపి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అందరికీ వినపడేలా అంది:

"కినాయ్, నిద్రలేక చచ్చిపోతున్నా. నీ నిద్రలో సగం నాకివ్వు."

కినాయ్ వెనక్కి తిరిగి చూసింది, ఎవర్ని అడుగుతోందోనని. వెనకాల స్తంభమే ఉంది.

"నన్నా?"

"నిన్నే."

ఆ పిల్ల మూట పక్కన పెట్టి ముందుకు జరిగింది. "సగం చాలా అక్కా? ఇంకొంచెం తీసుకో."

అంతే, రొవీనా ఉన్నచోటే ఒరిగిపోయింది. గురక కూడా మొదలెట్టింది. జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో పడవ కూత వినపడింది. కినాయ్ లేచి నిలబడింది. అంత పెద్ద కళ్ళున్నాయా ఈ పిల్లకి అని అప్పుడే చూశాం మేమంతా. మూట అక్కడే వదిలేసి పిన్ని దగ్గరికి నడిచింది.

"పిన్నీ, నీ చాప మీద నాకు చోటివ్వు. ఈ ఒక్క పూటకి కాదు. ఎప్పటికీ."

బొతికా పడవ వైపు చూసింది, జనం వైపు చూసింది. ఎవరూ నవ్వడం లేదు.

"మూట కూడా కట్టేశానే" అని గొణిగింది.

"నేను విప్పుకుంటాలే."

బొతికా మోకాలు పక్కకి జరిపింది. కినాయ్ కూర్చుంది. పడవ సరుకు దించుకుని వెళ్ళిపోయింది.

రొవీనా కళ్ళు తెరిచేసరికి మర్నాడు ఎండ నెత్తికెక్కింది. ఉలిక్కిపడి లేచింది. "పడవ! పడవ వెళ్ళిపోయిందా?"

"నిన్నే వెళ్ళిందక్కా" అంది కినాయ్, ఆమె చేతికి నీరా చిప్ప అందిస్తూ. "ఇసుక ఊడ్చేశాను. తాగేసి రా, బడిలో పిల్లలు నీ కోసం చూస్తున్నారు."