ఖాళీ అని రాసిన స్థలం

మిట్టమధ్యాహ్నం దూదేకుల వీధి అంటుకుంది. ఇంటింటా దూది బస్తాలే కదా, మంట ఒక్క ఇంటితో ఆగలేదు. నేను ఆటో వదిలేసి పరిగెత్తాను. బిందెలతో నీళ్లు, చేటలతో ఇసుక, ఎంత కొట్టుకుంటే ఏం లాభం? ఫైరింజను నంద్యాల నుంచి గంటా పావు తర్వాత వచ్చింది. అప్పటికి ఇరవై మూడు ఇళ్లు బూడిద. మా వీధి హసీనా వాళ్లమ్మ మంచం దిగలేని మనిషి, ఆమెను బయటికి తేలేకపోయాం.

మా రాళ్లదిన్నెలోనూ ఫైర్ స్టేషన్ ఉండేది, నమ్ముతారా? పాతబడిందని రెండేళ్ల కిందట కూలగొట్టి ఇంజనును నంద్యాలకు తోలేశారు. కొత్తదానికి నిధులు వచ్చాయి. మునిసిపాలిటీ స్థలం చూపాలి. బజారులో పాత స్థలం ఉంది కదా అంటే, అది షాపింగ్ కాంప్లెక్సు కోసం కంట్రాక్టరుకు రాసిచ్చేశారట! మార్చి ఆఖరులోగా స్థలం చూపకపోతే నిధులు వెనక్కి పోతాయి. విన్నాక ఒళ్లు మండింది.

మాకు తోడుగా ఆళ్లగడ్డ నుంచి రాళ్లు చెక్కే కార్మికులు, నంద్యాల నుంచి విద్యార్థులు వచ్చారు. మునిసిపల్ ఆఫీసు ముందు నాలుగు రోజులు కూర్చున్నాం. స్టేషన్ వెంటనే కట్టాలని అర్జీ మీద వీధి వీధంతా వేలిముద్రలు వేసింది. ఐదో రోజు కౌన్సిల్ తీర్మానం చేసింది. గెలిచామని ఒకరినొకరు వాటేసుకున్నాం. చదవకుండానే సంబరపడ్డాం, బుద్ధిలేనివాళ్లం.

తీర్మానం కాపీ తెచ్చి చూపింది ఆ రోజు వచ్చిన ఫైరింజను డ్రైవర్ యాకోబే.

"సర్వే నంబరు చూడన్నా. ఇది మీ దూదేకుల వీధిదే" అన్నాడు తలెత్తకుండా.

స్టేషన్ కట్టే చోటును 'ప్రస్తుతం ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం' అని రాశారు. కింద మా అర్జీనే జతచేశారు, మేమే ఒప్పుకున్నట్టు.

సాయంత్రం మసీదు ముందు మీటింగు. ఎవరికీ దారి తోచలేదు. ఒప్పుకుంటే వీధి పోతుంది. అడ్డుపడితే నిధులు పోతాయి, రేపు ఇంకో వీధి కాలితే ఆ పాపం మాకే చుట్టుకుంటుంది. పరుపులు కుట్టి కుట్టి నడుం వంగిన, హసీనా పక్కింటి ఇమాం సాహెబ్ ఏడ్చేశాడు.

"యాడికి పోవాలప్పా మనం? స్టేషన్ వద్దనే నోరుందా మనకు?"

హసీనా లేచింది.

"వద్దని ఎవరంటాండారు మామా? స్టేషన్ కావాల. బజార్లో, ముందున్న తావునే కావాల. మా యమ్మ కాలిపోయిన తావు ఖాళీ ఎట్లయితాది?"

తెల్లారేసరికి బూడిద ఊడ్చి, ఎవరి ఇంటి చోట వాళ్లు పొయ్యి వెలిగించారు. సర్వేయరు వచ్చాడు, వెనకే పోలీసులు. కొలత గొలుసు పరవనివ్వలేదు మేము. ఇంటికొకరిని పట్టుకున్నారు, ఆడవాళ్లను కూడా వ్యానులోకి ఈడ్చారు. నన్నూ వేశారు.

ఠాణాలో రైటర్ పేర్లు రాసుకుంటూ, ఇళ్లు లేవు కాబట్టి అందరికీ చిరునామా లేదని రాసేస్తానన్నాడు. హసీనా ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఏడు బై పన్నెండు, దూదేకుల వీధి. రాయి."

ఎస్సై రాయొద్దన్నాడు. అయితే సంతకం పెట్టనంది. వెనక ఇమాం సాహెబ్ ఏడు బై పదమూడు అన్నాడు. ఆ వెనకామె పద్నాలుగు అంది. లాకప్పులో ఉన్నవాళ్లు లోపలి నుంచే తమ నంబర్లు చెప్పారు. ఒక్కరూ సంతకం పెట్టలేదు, వేలిముద్రా వేయలేదు. సంతకాలు లేని కాగితాలతో కోర్టుకు పోతే చీవాట్లు తప్పవని రైటర్‌కు తెలుసు. చివరికి రాశాడు, ఇరవై మూడూ రాశాడు.

బెయిల్ వద్దని చెప్పాం. రేపు కోర్టులో, ఖాళీ అని రాసిన చోట ఉన్న ఆ ఇళ్ల నంబర్లు పోలీసులే చదవాలి.