ఏకగ్రీవంగా

నూజివీడులోని ఆ సూక్ష్మరుణ సంస్థకు ఏడుగురు డైరెక్టర్లు. ఆరుగురు మగవాళ్లు. ఏడో మనిషి ఇన్నమ్మ, ఆగిరిపల్లి మామిడి తోటల్లో కూలి. అప్పు తీసుకునే ఆడవాళ్లలో ఒకరు బోర్డులో ఉండాలని సంస్థకు డబ్బిచ్చే బ్యాంకు పట్టుబడితే ఆమెను తీసుకున్నారు.

ఏప్రిల్ మీటింగులో చైర్మన్ ప్రభాకరరావు తీర్మానం చదివాడు. మే నుంచి వారం వారం జరిగే గ్రూపు మీటింగు ఉదయం ఆరింటికి కాదు, తొమ్మిదింటికి. మూడుసార్లు రానివాళ్లకు కొత్త అప్పు ఉండదు. ఆయన చదువుతున్నంతసేపూ ఇన్నమ్మ "ఊ" కొట్టింది. అయ్యాక మాట్లాడదామనుకుంది. ఈలోగా టీ వచ్చింది, అందరూ లేచారు.

వారం తర్వాత తోటకెళ్లే ఆటోలో ఆమె గ్రూపులోని షాలోమి ఫోన్‌లో ఆ తీర్మానం కాగితం చూపించింది.

"ఏకగ్రీవంగా ఆమోదించారంట. తొమ్మిదింటికి మనం తోటలో కాయలు ఏరుతుంటామని నీకు తెలీదా అక్కా? నువ్వూ ఊ అన్నావంట."

"వింటున్నానని అన్నానే."

"డైరెక్టరుగారి ఊ కదా. ఖరీదెక్కువ."

ఆటోలో ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత తోటలో ఇన్నమ్మ పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు.

మే మూడోవారంలో బోర్డు మళ్లీ కూర్చుంది. పాత మీటింగు మినిట్స్ మీద సంతకం పెట్టమన్నారు. ఇన్నమ్మ పెన్ను ముట్టుకోలేదు.

"నేను ఒప్పుకోలేదండి. అలాగే రాయండి."

"ఊ అన్నావు కదమ్మా," అన్నాడు ప్రభాకరరావు. "మా ఇంట్లో ఆవిడ ఊ అంటే రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే."

అందరూ నవ్వారు.

"ఊ అంటే విన్నానని అండి. కోతలున్నన్నాళ్లు తొమ్మిదింటికి ఎవరూ రారు. అందరికీ ఆపేస్తే అప్పు ఎవరికిస్తారండి?"

మేనేజరు కృష్ణకాంత్ చైర్మన్ వైపు వంగాడు. "ఏకగ్రీవం కాదంటే బ్యాంకువాళ్లు అడుగుతారు సార్."

"అడగనివ్వండి," అంది ఇన్నమ్మ.

ప్రభాకరరావు ఆ తీర్మానం మీద చేతులెత్తమన్నాడు. అనుకూలం ఆరు, వ్యతిరేకం ఒకటి. కృష్ణకాంత్ "ఏకగ్రీవంగా" కొట్టేసి "ఇన్నమ్మ వ్యతిరేకించారు" అని రాశాడు. ఆమె చదువుకుని సంతకం పెట్టింది.

బస్టాండుకు నడిచి షాలోమికి ఫోన్ చేసింది.

"ఒప్పుకోలేదని నా పేరుతో రాయించాను."

"టైము మారిందా?"

"లేదు."

"నాకు రెండు ఆబ్సెంట్లు పడ్డాయి అక్కా. రేపు మూడోది. మీటింగుకెళ్తే కూలి పోద్ది, తోటకెళ్తే అప్పు పోద్ది. ఎటెళ్లమంటావు?"

షాలోమి ఫోన్ పెట్టేసింది.