ఎల్లేశం పిడికిట్ల గని

మొదటి షిఫ్టు కూత కాంగనే మొగోళ్లు గనికి పోతరు. ఆడోళ్లు బోళ్లు తోముకొని ఎల్లేశం క్వార్టర్‌కు వస్తరు. గోదావరిఖనిల ఆ లైనుకు అదే అలవాటు. ఆయన గడప మీద కూసుంటే, ఒక్కొక్కరు వంగి ఆయన ఎడమ పిడికిలికి చెవి ఆనిచ్చి ఇంటరు. అండ్ల గని వినపడ్తది. బొగ్గు టబ్బులు గడగడ ఉరుకుడు, పైకప్పు నీళ్లు కారుడు. మొగడు పనిజేసే జాగ ఎన్నడు చూడనోళ్లు "మా ఆయన గీ మోతల తిరుగుతడా!" అని ముక్కు మీద వేలేసుకొని, ఇంత చాయపత్తి అడుక్కొని పోతరు.

ఆర్నెల్ల కింద తలకు బండ తాకినప్పటి సంది ఆ చెయ్యి అట్లనే. మోచేయి మడతవడి రొమ్ముకు అతుక్కుంది, బొటనేలును లోపలేసుకొని వేళ్లు బిగుసుకున్నయి. ఎడమ కాలేమో కట్టెలెక్క చాపుకపోయింది. మడమ నేలకానదు, పక్కకు తిప్పి సగం సున్న గీసుకుంట నడువాలె. కండకు ఏ రోగం లేదని దవాఖాన డాక్టరు చెప్పిండు. బిగుసుకునుడు దానికి వచ్చు, వదులుమని హుకుం తలకాయ నుంచి రావాలె, ఆ తొవ్వ దెబ్బతిన్నది. జల్ది గుంజితె ఇంకింత బిగుస్తదట.

తల పగిలిన నొప్పి ఎంత! అంతకు మించింది ఇంకోటున్నది. ఆ దినం ఎల్లేశంకు సెలవు. చెల్లె మొగడు లింగమూర్తి పొద్దుగాలనే వచ్చి తన నంబరు బిళ్ల చేతుల పెట్టిండు. అది చూపిస్తేనే దీపం ఇస్తరు, హాజరి పడ్తది. ఎల్లేశం ఆ బావ పేరు మీదనే గనిల దిగిండు. బండ రాలేముందు, పనిచూసే సర్దార్ సిరాజుద్దీన్ "లింగమూర్తీ, ఉరుకు!" అని రెండుసార్లు మొత్తుకున్నడు. ఎల్లేశం తిరగలే. ఆ పేరు తనది కాదాయె.

విచారణల లింగమూర్తి ఏమన్నడో తెలుసా? "నా బిళ్ల ఎత్తుకపోయిండు సార్, నాకు తెల్వది" అన్నడు. కండ్లు సుత వంచలే! దొంగ అని రాసి, నౌకరి తీసేసి, ఈ శనివారం కల్ల క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నరు.

శుక్రవారం చెల్లె పూలమ్మ ఆముదం గిన్నెతోని వచ్చింది. ఆర్నెల్లల అదే మొదటిసారి.

"బిళ్ల ఎందుకు తీసినవన్నా?"

"మీ ఆయనే ఇచ్చిండు."

"నా మొగని మీద పెడ్తున్నవా?"

"నువ్వు సుత నన్ను దొంగనే అనవడితివి" అని ఎల్లేశం ఏడ్చిండు.

పూలమ్మ కోపంగ చెయ్యి గుంజి ఒళ్లె పెట్టుకుంది. పిడికిలి రాయోలె బిగిసింది.

"గుంజకు పూలమ్మా, నిమ్మళంగ తియ్యి" అన్నది ఎల్లేశం పెండ్లాం సారవ్వ.

పూలమ్మ గోరువెచ్చని ఆముదంతోని రుద్దుకుంట ఒక్కొక్క వేలు లేపింది. ఆర్నెల్లల ఎవ్వరు లేపని బొటనేలు కొంచెం లేచింది. పూలమ్మ చెవి ఆనిచ్చింది. టబ్బుల మోత లేదు. అండ్ల పొద్దుగాలటి కోడి కూసింది, సైకిల్ స్టాండు పడ్డది. వెనుకనే లింగమూర్తి గొంతు.

"ఈ ఒక్క దినం నా పేరు మీద దిగు బావా. బసంత్‌నగర్ ఫ్యాక్టరీల నౌకరి అడగవోతున్న. ఏమన్నైతె నేను చెప్పుకుంట. పూలమ్మ మీద ఒట్టు."

"నా మీదనా!" అన్నది పూలమ్మ. పైటకొంగుతోని చేతులు తుడుచుకుంది.

"లే అన్నా. ఆఫీసుకు పోదాం."

ఆఫీసర్ ఎల్లేశంకు కుర్చి ఏయించిండు. పూలమ్మ బొటనేలు లేపేదాంక ఆగి, వంగి చెవి ఆనిచ్చిండు. తర్వాత లింగమూర్తిని పిలిపించి వాన్ని సుత వినుమన్నడు.

లింగమూర్తి విన్నడు. "గొంతు నాదే సార్" అన్నడు.

దొంగ అన్న మాట కొట్టేసిండ్రు. డ్యూటీల తాకిన దెబ్బ అని రాసిండ్రు. క్వార్టర్ నిలబడ్డది.

పూలమ్మ అన్న రెక్క పట్టుకొని బయటికొచ్చింది. బొగ్గుపొడి తొవ్వల ఆయన కాలు గీతలు గీసుకుంట నడిచింది. ఆమె అడుగులు తన ఇంటి దిక్కు మళ్లలే.

"పూలమ్మా, ఆగు! పూలమ్మా!"

లింగమూర్తి వెనుక నుంచి రెండుసార్లు మొత్తుకున్నడు. పూలమ్మ తిరగలే. పిలిచింది తన పేరే.