నిండు గిన్నె

పెద్ద బావగారు గుండ్రటి రొట్టెను, భోజనానికి నేలమీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మధ్యకు జరిపి, దాన్ని అరచేత్తో తట్టాడు.

"ఇదిగో, ఇది కల్మాక్ కనుమ. ఈ జామ్ గిన్నె కోచ్‌కోర్. వెన్న నరీన్ అనుకో. మ్యాపులూ గీపులూ ఎందుకురా మెలిస్, అన్న బతికుండగా?"

మెలిస్ నవ్వాడు. అన్న ముందు అతను నవ్వే నవ్వు వేరు. నోరు నవ్వుతుంది, మెడ వంగుతుంది. అత్తగారు గోడవైపు మెత్త మీద కూర్చుని ఎండు ఆప్రికాట్ ముక్క చప్పరిస్తోంది.

బురుల్ గుమ్మం దగ్గర, టీ కాగే సమోవార్ పక్కన, ఇంటి కోడలు కూర్చోవలసిన చోటే కూర్చుని టీ పోస్తోంది. ఎవరి గిన్నెలోనైనా సగానికి తక్కువే. అదే మర్యాద. ఇంకాసేపు కూర్చోండి, మళ్ళీ పోస్తాను అని గిన్నే చెబుతుంది. నిండా పోస్తే తాగి లేవమన్నట్టు. పెళ్ళైన మొదటి వారంలోనే అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుని, చెంచా కూడా వాడకుండా, ఆ కొలత నేర్పింది.

"ఇక్కడ సోన్‌కుల్ సరస్సు," అంటూ బావగారు చక్కెర గిన్నెను రొట్టె అవతల పెట్టాడు.

బురుల్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చక్కెర గిన్నె చిన్నది, అంచు విరిగినది. అయినా ఆమె కళ్ళు దానిమీదే నిలిచాయి.

చలికాలంలో కడుపు ఆపరేషన్ అయి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, ఇంటికొచ్చాక నీకేం కావాలి అని భర్త మెలిస్ అడిగాడు. ఆ మాట తన నోటినుంచి వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. "సోన్‌కుల్ చూడాలి. మనిద్దరమే. దారిలో ఎవరింటికీ వెళ్ళకుండా." మెలిస్ ఆసుపత్రి రొట్టె ముక్క చేతిలోకి తీసుకుని ఒట్టేశాడు. "మాట తప్పితే ఈ రొట్టే నన్ను కొడుతుంది." తర్వాత ఆ ముక్క తనే తిన్నాడు. వసంతంలో పాత జపాన్ కారు కొన్నాడు. ఆమె మనసులో అప్పటికే దాని ముందు సీట్లో కూర్చుని ఉంది.

"మొదటి రాత్రి కోచ్‌కోర్‌లో, అత్త ఇంట్లో," అన్నాడు బావగారు. "గుమ్మం ముందునుంచే పోయి ఆగలేదంటే ఆవిడ చచ్చేదాకా సాధిస్తుంది. గొర్రెను కొయ్యకుండా వదలదు. మర్నాడు నరీన్‌లో మా బావమరిది. ఆ తర్వాత అత్‌బాషీ, వియ్యాలవారు."

"వియ్యాలవారి దగ్గరికి పోయినేడే వెళ్ళాం కదన్నా," అన్నాడు మెలిస్.

"పోయినేడు తిన్న అన్నం ఇంకా కడుపులో ఉందట్రా నీకు?" బావగారు పకపకా నవ్వాడు. "ముందు నేను కూర్చుంటా, దారి చెప్పాలిగా. వెనక అమ్మ, మా ఆవిడ, మీ బురుల్. సంచులు ఒళ్ళో పెట్టుకుంటుందిలే, సన్నగానే ఉంది."

బురుల్ అతని గిన్నె అందుకుని, సగానికి తక్కువ పోసి, రెండు చేతులతో ఇచ్చింది.

ఈ దేశంలో ఆమె చూడని లోయ లేదని చుట్టాలందరూ అనుకుంటారు. ప్రతి ఎండాకాలం తిరుగుతూనే ఉంటారు కదా. నిజానికి ఆమె చూసినవన్నీ వంటిళ్ళు. నరీన్ అంటే మూత సరిగ్గా పట్టని పాలబిందె. కోచ్‌కోర్ అంటే పొగ పోని పొయ్యి. అత్‌బాషీలో అందరూ కొండల మధ్యనున్న పాత రాతి సత్రం చూడటానికి పోయినప్పుడు, ఆమె వాగులో మోచేతులదాకా ముంచి గొర్రె పేగులు కడిగింది. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చి, లోపల ఎంత చల్లగా ఉందో చెప్పారు. అవునా, అంది. ఆమె చేతులకు అప్పటికి స్పర్శే లేదు.

అతిథులు గుమ్మానికి ఎదురుగా, గది పైభాగాన కూర్చుంటారు. గుమ్మంవైపు కిటికీలు వాళ్ళకు కనిపిస్తాయి. టీ పోసేది గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎక్కడికి వెళ్ళినా కొండలు ఆమె వీపు వెనకే ఉండేవి.

ఇన్నాళ్ళూ దాన్ని అలసట అనుకుంది. అలసటైతే పడుకుంటే పోతుంది. ఇది నిద్రలో కూడా పళ్ళు కొరుకుతుంది.

"మరి సోన్‌కుల్‌కి ఎప్పుడు బావగారూ?" అంది.

అత్తగారి నోట్లో ఆప్రికాట్ ముక్క ఆగింది. మగవాళ్ళు దారి మాట్లాడుకుంటుండగా కోడలు అడగడం రివాజు కాదు.

"టైముంటే చూద్దాంలే అమ్మాయ్. ఏముందక్కడ? నీళ్ళు. మీ కుళాయిలో రావట్లేదా?" తన జోకుకు తనే మురిసిపోతూ బావగారు సోన్‌కుల్‌ని ఎత్తి, రెండు చెంచాల చక్కెర తన టీలో వేసుకున్నాడు. ఆపైన మోచెయ్యి పెట్టుకోవడానికి చోటు చాలక దాన్ని గుడ్డ అవతల, నేలమీద పెట్టాడు. "సరస్సు ఎక్కడికీ పారిపోదు. చుట్టాలే పోతారు, ఒక్కొక్కరే."

బురుల్ భర్త వంక చూసింది. మెలిస్ కనుమ అంచునుంచి రాలిన రొట్టె పొడిని వేలి కొసతో ఏరుతున్నాడు. ఒక్కొక్క పలుకే జాగ్రత్తగా ఏరి నోట్లో వేసుకుంటున్నాడు. ఒట్టు గుర్తుందని ఆ వేలే చెబుతోంది. గుర్తుండి కూడా ఊరుకున్నాడు. ఇతని మాటలూ సగం గిన్నెలే, అనుకుంది. ఎప్పుడూ ఇంకాసేపు కూర్చోమనడమే.

అత్తింటి పెద్దవాళ్ళ పేర్లు కోడలు పలకకూడదు. పెళ్ళైనప్పటినుంచి ఆమె బావగారి పేరును మనసులో కూడా అనలేదు. ఇప్పుడు అంది. జాపార్. జాపార్. ఏమీ కాలేదు. కప్పు కూలలేదు. అతను గిన్నె చాచి ఉన్నాడు, ఆమెవైపు చూడకుండానే.

అందుకుంది. పోసింది. సగం దాటింది. చెయ్యి ఆగుతుందేమో అని ఆమె కూడా చూసింది. ఆగలేదు. అంచుదాకా వచ్చి టీ ఉబ్బెత్తుగా నిలిచింది. ఒక్క చుక్క ఒలకకుండా జాపార్ ముందు పెట్టింది, ఒంటిచేత్తో.

అతను గిన్నెను చూశాడు. తల్లిని చూశాడు.

"చెయ్యి జారినట్టుంది," అంది అత్తగారు గబగబా. "జారిందే కదూ, పిల్లా?"

"జారలేదు అత్తయ్యా."

జాపార్ ముఖం మెడ దగ్గరనుంచి ఎర్రబడుతూ వచ్చింది. "మెలిస్, మీ ఇంట్లో టీ ఇలా పోస్తున్నారా ఇప్పుడు?"

"అన్నా, అది కాదు... ఒంట్లో బాగాలేక..."

"ఒంట్లో బాగానే ఉంది," అంది బురుల్. "మీరు బయల్దేరండి బావగారూ. దారి మీకు తెలుసుగా."

అతను లేచాడు. ఎవరైనా లేస్తూ చేతులు చాచి దీవిస్తారు, దీవెన లేకుండా ఎవరూ ప్రయాణం కట్టరు. అతను చేతులు జేబుల్లో పెట్టుకుని, టీ ముట్టకుండా, చెప్పులు కాలికి పట్టీపట్టకముందే వాకిట్లోకి పోయాడు. మెలిస్ వెనకే పరుగెత్తాడు. గేటు దగ్గర బతిమాలుతున్న గొంతు వినిపించింది, ఆ తర్వాత గేటు చప్పుడు.

బురుల్ టీ కెటిల్ పట్టుకుని లేచి, వెళ్ళి జాపార్ చోట్లో కూర్చుంది. మెత్త ఇంకా వెచ్చగా ఉంది. ఆ చోటును రోజూ తుడుస్తుంది, ఎన్నడూ కూర్చోలేదు. తలెత్తితే కిటికీలో, పొరుగింటి రేకుల పైన, అలాతూ కొండలు. మంచుతో సహా. తన సొంతింట్లోనే. ఇన్నేళ్ళూ.

మనసు చల్లబడుతుందేమో అనుకుంది. లేదు. ఇంకా మండింది.

మెలిస్ రొప్పుతూ లోపలికొచ్చాడు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? ఇక మన గడప తొక్కడు! ఊరూరా చెప్పుకుంటాడు!"

"నాకు మాత్రం సగమే పొయ్యవే," అంది అత్తగారు, తన గిన్నెను కోడలివైపు జరుపుతూ. "నేనింకా ఎక్కడికీ పోను."

బురుల్ ఆవిడకు సగం పోసింది. వంగి, నేలమీది చక్కెర గిన్నె తీసి రొట్టె అవతల, ఇందాకటి చోటే పెట్టింది.

"కూర్చో," అంది మొగుడితో.

అతను కూర్చున్నాడు, గుమ్మం దగ్గర. ఇందాకటిదాకా ఆమె కూర్చున్న చోట.

"శనివారం సోన్‌కుల్‌కి. మనిద్దరమే. ఎవరింటికీ వెళ్ళకుండా. వస్తావా, రావా? నువ్వు రాకపోతే కోచ్‌కోర్‌కి బస్సులున్నాయి."

మెలిస్ రొట్టెను చూశాడు. గేటువైపు చూశాడు. "అన్న కోపం చల్లారనీ బురుల్. చూద్దాం..."

ఆమె అతని గిన్నె అందుకుని పొయ్యడం మొదలెట్టింది.

"చాలు," అన్నాడు. సగమైంది. "చాలన్నానా." అంచు దగ్గరికి వచ్చింది. "బురుల్, ఆపు!"

టీ గుడ్డ మీదకు పొంగి, వెన్న పళ్ళెం చుట్టూ తిరిగి, రొట్టె అంచును తడిపింది. ఆమె ఇంకా పోస్తూనే ఉంది.